కుళాయి నీటిలో సీసం ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

సీసం కలిసిన నీటికి రంగు మారదు, వాసన రాదు, రుచిలోనూ తేడా ఉండదు. సాధారణంగా అది చెరువులోనో బోరులోనో కాక, ఇంటి పైపుల్లో, ఇత్తడి కుళాయిల్లో, అతుకులకు వేసిన మాటులో ఉండి, రాత్రంతా కదలకుండా నిలిచిన నీటిలోకి కొద్దికొద్దిగా దిగుతుంది. అందుకే పరీక్షకు పట్టాల్సింది ఆ నిలవ నీటినే. తేట నీళ్లు ఇద్దామని కుళాయిని కాసేపు వదిలి పట్టుకెళితే అసలు సంగతి బయటపడదు.

ముందుగా ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు వెళ్లి, సీసం పరీక్ష కావాలని విడిగా అడగండి. మామూలు ప్యాకేజీలో అది ఉండకపోవచ్చు. నీటిలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి అంచనా వేసే టీడీఎస్ మీటరు ఇందుకు పనికిరాదు. బాటిళ్లు ల్యాబ్ వాళ్లనే ఇమ్మనండి. వాటిలో ఆమ్లం చుక్కలు వేసి ఇస్తే కడగకూడదు, పొంగి పోనివ్వకూడదు.

రాత్రి పనులయ్యాక కనీసం 6 గంటలు ఇంట్లో ఏ కుళాయీ తిప్పకండి. తెల్లవారగానే, ఇంకెవరూ ముఖం కడుక్కోకముందే, వంటింటి కుళాయి కింద బాటిల్ పెట్టి, కుళాయి మూతి దగ్గర జాలీ ఉంటే తీయకుండా, రోజూ తిప్పినట్టే తిప్పి, మొదటి చుక్క నుంచీ లీటరు పట్టండి. తర్వాత 5 నిమిషాలు నీళ్లు వదిలి రెండో బాటిల్ నింపండి. ఏది ముందు పట్టిందో బాటిళ్ల మీద రాయడం మరవకండి.

తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాములు, అంటే 10 మైక్రోగ్రాములు మించకూడదు. మొదటి బాటిల్‌లోనే ఎక్కువ ఉంటే కుళాయిని, దాని దగ్గరి పైపును అనుమానించాలి. రెండింటిలోనూ ఉంటే ట్యాంకు దాకా, వీధి లైను దాకా వెతకాలి.

కారణం దొరికేదాకా ఆ నీటిని కాచి తాగవచ్చనుకోకండి. మరిగే కొద్దీ నీరు ఆవిరైపోతుంది, సీసం మాత్రం గిన్నెలోని నీటిలోనే మిగులుతుంది. గీజరు నీళ్లు వంటకు వాడవద్దు, ఎందుకంటే వేడి నీటిలో సీసం ఎక్కువగా కరుగుతుంది. యూవీ ఫిల్టర్లు దీన్ని తీయలేవు. మెంబ్రేన్ (లోపలి వడపోత పొర) సరిగ్గా పనిచేసే ఆర్‌వో చాలావరకు తీస్తుంది. జాలీ విప్పి చూస్తే ఒక్కోసారి ఇసుకలాంటి నలుసులు కనిపిస్తాయి; వాటిలోనూ సీసం ఉండవచ్చు, కడిగేయండి.

పైపులు మార్చాల్సి వస్తే సీసం లేని పీవీసీనే అడగండి. పీవీసీ పైపుల్లో సీసం వాడకంపై కేంద్రం 2021లో నియమాలు తెచ్చింది. మార్చాక మళ్లీ ఇలాగే నమూనా పట్టి పరీక్ష చేయించాలి. సీసానికి సురక్షితమైన మోతాదంటూ లేదు. పసిపిల్లలు, గర్భిణులు ఆ నీళ్లు తాగి ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చెప్పి, రక్తంలో సీసం పరీక్ష చేయించండి.