నాన్న ఆచూకీ ఇలా దొరికింది

అమ్మ చెప్పింది రెండే ముక్కలు: పేరు అప్పలరాజు, పని షిప్‌యార్డులో. సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకున్నవాళ్ళు విశాఖలో వీధికొకరు! నా జనన ధ్రువపత్రంలో చిరునామా మల్కాపురం అని ఉంది. అమ్మ పెళ్ళికి ఆమె అత్తవారు పెట్టిన స్టీలు బిందె అంచున మాత్రం తాతయ్య పేరు చెక్కి ఉంది, సగం అరిగిపోయి. అసలు పని చేసింది అదే. ఓటర్ల జాబితాలో ప్రతి మగవాడి పేరు కిందా తండ్రి పేరు, ఇంటి నంబరు, వయసు ఉంటాయి కదా. మల్కాపురం పాత జాబితాల్లో తాతయ్య పేరు పట్టుకుని వెతికితే ఒక్క అప్పలరాజే మిగిలాడు.

సింధియా జంక్షన్ టీకొట్టు దగ్గర రిటైర్డ్ వెల్డరు ఒకాయన, "ఆడా? గాజువాక ఎల్లిపోనాడు" అన్నారు. (1941లో షిప్‌యార్డు మొదలుపెట్టింది సింధియా కంపెనీయే, ఆ పేరు అలా ఉండిపోయింది.) నేరుగా తలుపు కొట్టలేదు, అక్కడ వేరే సంసారం ఉండొచ్చు. నా నంబరు ఆ పెద్దాయనతోనే పంపాను. ఫోన్ వచ్చింది. ముందు అమ్మ పేరు అడిగి ఖాయం చేసుకుని, ఆదివారం బీచ్‌రోడ్డుకి రమ్మన్నారు.