పంటి మత్తు తొందరగా దిగాలంటే

ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో ఒక పళ్ల డాక్టరు గారి దగ్గర పద్నాలుగేళ్లుగా సహాయకురాలిగా పనిచేస్తున్నాను. పనిముట్లు శుభ్రం చేసి అందివ్వడం ఎంత పనో, వరండాలో కూర్చున్నవాళ్లకు సమాధానం చెప్పడం అంతకు రెట్టింపు పని. పాతపట్నం నుంచి వచ్చినవాళ్లు బుగ్గ పట్టుకుని “అమ్మా, ఈ తిమ్మిరి ఎప్పుడు దిగుతుంది?” అంటారు. ఒడియావాళ్లు “కేతేబేళే జిబొ?” (ఎప్పుడు పోతుంది?) అంటారు. ఆ వెంటనే ఇద్దరూ అడిగేది ఒకటే: దిగడానికి ఏదైనా మాత్ర ఇవ్వరాదా?

మాత్ర లేదు. విరుగుడు మాత్రం ఉంది, అది మరో సూది. పేరు ఫెంటోలమైన్. అడ్రినల్ గ్రంథిలో గడ్డ వచ్చినవాళ్లకు హఠాత్తుగా పెరిగే రక్తపోటును దించడానికి వాడే పాత మందు ఇది. పళ్ల చికిత్స తరువాత మొద్దుబారిన పెదవికీ నాలుకకూ వాడేందుకు 2008లో అమెరికాలో అనుమతి వచ్చింది. అక్కడ దాన్ని ఓరావర్స్ అనే పేరుతో అమ్ముతారు. మా క్లినిక్‌లో లేదు. అందుకని ఎవరైనా దుకాణంలో కొని తెచ్చుకుంటామంటే వద్దంటాను. పొడవాల్సింది డాక్టరే, అదీ మొదట మత్తు ఇచ్చిన చోటే.

అది ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఎవరికి అవసరమో కూడా తెలుస్తుంది. మేం వాడే మత్తుమందు లిగ్నోకైన్ సీసా మీద 1:80,000 అని ఉంటుంది. అది అందులో కలిపిన అడ్రినలిన్ లెక్క. అడ్రినలిన్ అక్కడి రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది. మడికి గట్టు వేసి నీళ్లు నిలబెట్టినట్టు, మత్తు కదలకుండా అక్కడే ఉంటుంది. పంటికి కావలసింది సుమారు గంట మత్తు. పెదవికీ బుగ్గకూ మాత్రం మూడు నుంచి ఐదు గంటలు పట్టుకుంటుంది. ఫెంటోలమైన్ ఆ గట్టు తెంపుతుంది. నాళాలు తెరుచుకుంటాయి, రక్తం మత్తును పట్టుకుపోతుంది. పరీక్షల్లో, పంటి పని ముగిసి ఈ సూది పొడిచే వేళ నుంచి లెక్కిస్తే, పై పెదవికి స్పర్శ తిరిగి రావడానికి మామూలుగా 133 నిమిషాలు పడితే, ఈ సూదితో 50 పట్టింది. కింది పెదవికి 155 నిమిషాలు 70కి తగ్గింది. అంటే సూదితో కూడా గంట ఆగాల్సిందే. క్షణంలో దిగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

పన్ను పీకించుకున్నవాళ్లకు ఇది పనికిరాదు. మత్తు పోతే నొప్పి వచ్చి కూర్చుంటుంది. సిమెంటు పెట్టించుకున్నవాళ్లకు, శుభ్రం చేయించుకున్నవాళ్లకు, సాయంత్రం సభలో మాట్లాడాల్సినవాళ్లకు ఉపయోగం. పెద్ద ఊళ్లో చికిత్సకు వెళ్తే ముందే అడగండి. గుండె జబ్బు ఉంటే దాచకుండా చెప్పండి, ఎందుకంటే ఇది గుండె వేగాన్నీ రక్తపోటునూ కదిలించే జాతి మందు. చిన్న పని అయితే అడ్రినలిన్ కలపని మత్తు సరిపోతుందేమో కూడా అడగవచ్చు. అది తొందరగా దిగుతుంది. దానికి ఈ విరుగుడుతో పని లేదు, తెంపడానికి గట్టే ఉండదు కదా.

ఇక విరుగుడు లేని మన సంగతి. నేను చూసిన నష్టాలన్నీ ఆ నాలుగు గంటల్లో జరిగినవే.

ఒక అయిదేళ్ల పిల్లవాడు వరండాలో బుద్ధిగా కూర్చుని ఏదో నములుతున్నాడు. వాళ్ల నాయనమ్మ చాక్లెట్టు అనుకుంది. గడ్డం మీద రక్తం కారాక చూస్తే కింది పెదవి. వాడికి నొప్పే లేదు, నవ్వుతున్నాడు. మర్నాటికి పెదవి ఉబ్బి తెల్లగా, పసుపుగా పొర కట్టింది. చీము పట్టిందని పరుగెత్తుకుంటూ వచ్చారు. అది చీము కాదు, మానుతున్న పుండు మీద పొర. ఒకటి రెండు వారాల్లో తగ్గుతుంది. జ్వరం వస్తేనో, వాపు రోజురోజుకూ పెరిగితేనో మాత్రం చూపించాలి. అప్పటి నుంచి పిల్లలకు దూది చుట్ట పళ్ల మధ్య పెట్టి, దాన్నే కరిచి ఉండమంటున్నాను. పక్కన ఒక పెద్దమనిషి కూర్చుని చూస్తూ ఉండాలి, ఫోను చూస్తూ కాదు.

రెండోది మన వైపు సంగతి. శ్రీకాకుళం పల్లెల నుంచి వచ్చే ముసలమ్మలకు అడ్డపొగ అలవాటు, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుంటారు. మత్తు ఉన్న నోటికి నిప్పు తగిలినా తెలియదు. ఒకావిడ నాలుక అంచు కాల్చుకుని, నొప్పి తెలిశాక రాత్రంతా ఏడ్చింది. అడ్డపొగ ఎప్పుడూ చెడ్డదే, ఆ పూట మరీ చెడ్డది. గుడాఖు (పళ్లకు రుద్దుకునే పొగాకు ముద్ద) రుద్దితే తిమ్మిరి దిగుతుందని చెప్పేవాళ్లూ ఉన్నారు. దిగదు. వేడి కాపడం పెట్టకండి, టీ తాగకండి. చర్మం కాలినా మీకు కబురు అందదు.

ఆకలేస్తే మత్తు దిగాక చల్లటి చద్దన్నం తినండి. ఒడియా ఇళ్లలో పఖాళ (నీళ్లలో నానబెట్టిన అన్నం) దొరికితే ఇంకా హాయి, మిరపకాయ మాత్రం పక్కన పెట్టండి. డాక్టరు నొప్పి మాత్ర రాసి ఉంటే పెదవిలో చీమలు పాకినట్టు మొదలవగానే వేసుకోండి. నొప్పి ముదిరాక వేసుకుంటే ఆ గంటసేపు బాధ తప్పదు.

దిగిందో లేదో తేల్చుకోవడానికి నా దగ్గర ఒక చిట్కా ఉంది. “పప్పు, బెల్లం, మామిడి పండు” అనమంటాను. రెండు పెదవులూ సరిగా కలిసి మాట స్పష్టంగా వస్తే, గుక్కెడు నీళ్లు పుక్కిలించినప్పుడు మూల నుంచి కారకపోతే, అన్నానికి కూర్చోవచ్చు. మర్నాడు కూడా మాట తడబడుతుంటే, ఇరవై నాలుగు గంటలు దాటినా సగం నాలుక మొద్దుగానే ఉంటే అది మామూలు మత్తు కాదు, నరానికి ఏదో తగిలి ఉండవచ్చు. చాలావరకు వారాల్లో నెమ్మదిగా తగ్గుతుంది, అయినా ఆ రోజే డాక్టరుకు ఫోను చేసి చెప్పండి.