‘భవతి’ని వల్లె వేయకుండా సాధించడం ఎలా?

హైదరాబాదులో ఇంటర్మీడియట్ ద్వితీయ భాషగా సంస్కృతం తీసుకున్న పిల్లలు ‘భవతి, భవతః, భవంతి’ అని గడగడా అప్పజెబుతారు గాని, ఆ ‘తి’ ఎక్కడిదని అడిగితే ఆగిపోతారు. పాణిని రాసిన సంస్కృత వ్యాకరణ సూత్రాల గ్రంథం అష్టాధ్యాయిని అనుసరించి ‘భవతి’ని కాగితం మీద మనమే సాధించవచ్చు.

ముందుగా ‘అగు’ అనే అర్థమున్న ‘భూ’ ధాతువు రాసి, ‘వర్తమానే లట్’ అనే సూత్రం ప్రకారం పక్కన వర్తమానకాలాన్ని సూచించే లట్ చేర్చండి. అందులోని అకార టకారాలు ఇత్తులు (గుర్తుగా పెట్టి తరువాత తీసివేసే అక్షరాలు) గనుక లోపించి, ‘ల్’ ఒక్కటే మిగులుతుంది.

ఆ ‘ల్’ స్థానంలో వచ్చే ప్రత్యయాలు 18. వాటిని 3.4.78 సూత్రం (మూడో అధ్యాయం, నాలుగో పాదం, 78వ సూత్రం) తిప్ మొదలు మహిఙ్ వరకు వరుసగా చెబుతుంది. మొదటి, చివరి అక్షరాలను కలిపిన పేరే ‘తిఙ్’. మొదటి తొమ్మిది పరస్మైపదమనే వర్గానికి, మిగిలినవి ఆత్మనేపదమనే వర్గానికి చెందుతాయి. మనకు కావలసింది ప్రథమ పురుష ఏకవచనం కాబట్టి తిప్ తీసుకోండి. మన ‘చేస్తాడు, చేస్తుంది’లో ఉన్న లింగభేదం ఇక్కడ ఉండదు.

తిప్‌లోని పకారం కూడా లోపిస్తుంది. పోయేదాన్ని పెట్టడమెందుకని అనిపించవచ్చు, కాని అసలు చమత్కారం అక్కడే ఉంది. పకారం ఇత్తుగా లేని సార్వధాతుక ప్రత్యయం (తిఙ్‌లు, శకారం ఇత్తుగా గలవి) ఙిత్తుతో, అంటే ఙకారం ఇత్తుగా ఉన్నదానితో, సమానమై గుణాన్ని (ఇ, ఉ లు ఏ, ఓ లుగా మారడాన్ని) అడ్డుకుంటుంది. అందుకే ‘ఇ’ ధాతువుకు తిప్ పరమైతే (తరువాత వస్తే) ‘ఏతి’ అనీ, ద్వివచన ప్రత్యయం తస్ పరమైతే ‘ఇతః’ అనీ అవుతుంది.

ఇప్పుడు ‘కర్తరి శప్’ అనే సూత్రంతో ధాతువుకూ ప్రత్యయానికీ నడుమ శప్ అనే ప్రత్యయం చేర్చండి; దానిలో మిగిలేది ‘అ’. శప్‌లోనూ పకారం ఇత్తే గనుక ‘భూ’కు గుణం వచ్చి ‘భో’ అవుతుంది, తరువాత అచ్చు ఉండడం వల్ల ఓకారం ‘అవ్’గా మారుతుంది: భూ + అ + తి, భో + అ + తి, భవతి.

బహువచనంలో వచ్చే ‘ఝి’ ప్రత్యయంలోని ఝకారానికి ‘అంత్’ ఆదేశమై ‘భవ + అంతి’ ఏర్పడుతుంది. ఇక్కడ సవర్ణదీర్ఘం చేసి ‘భవాంతి’ అని రాయడం తరచుగా జరిగే పొరపాటు; ‘అతో గుణే’ అనే సూత్రం రెండు అకారాలకూ కలిపి ఒక్క హ్రస్వాన్నే మిగులుస్తుంది. దీర్ఘం కావలసింది ఉత్తమ పురుష ఏకవచన ప్రత్యయం ‘మి’ ముందు: ‘అతో దీర్ఘో యఞి’ వల్ల భవామి.

ఇదే వరుసలో ‘తీసుకుపోవు’ అనే అర్థమున్న ‘నీ’ ధాతువును మీరు సాధించి చూడండి. ఈకారానికి గుణం ఏకారం, ఆ ఏకారానికి ‘అయ్’. ‘నయతి’ వస్తే దారి తప్పలేదన్నమాట.