పాత ల్యాప్‌టాప్ బయోస్ మార్చే ముందు చిప్‌ను రెండుసార్లు చదవండి

సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌లో బయోస్ (ల్యాప్‌టాప్‌ను ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రామ్) ఉండే చిప్‌ను క్లిప్పు పెట్టి ఫ్లాష్ చేసేటప్పుడు (అంటే పాతది చదివి దాచి, కొత్తది రాసేటప్పుడు) పని చెడేది ఎక్కువగా రాసే దశలో కాదు, చదివే దశలోనే. ముందు ఛార్జర్, పెద్ద బ్యాటరీ, బోర్డు మీది నాణెం బ్యాటరీ మూడూ తీసేయండి. క్లిప్పు ఎర్ర తీగ చిప్ మీద చుక్క ఉన్న మూలకే రావాలి.

ఫ్లాష్‌రామ్ (చిప్‌ను చదివి రాసే ప్రోగ్రామ్)తో చిప్‌ను రెండుసార్లు వేర్వేరు ఫైళ్లలోకి చదివి, షా256సమ్ (రెండు ఫైళ్లు ఒకటేనా అని చూపే కమాండ్)తో పోల్చండి. తేడా వస్తే క్లిప్పు సరిగా పట్టలేదన్నమాట. చిప్ కాళ్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ పెట్టండి, తీగలు వీలైనంత పొట్టిగా ఉంచండి. రెండూ సరిపోయినా ఫైల్‌ను హెక్స్ ఎడిటర్‌లో (ఫైల్‌లోని బైట్లను చూపే ప్రోగ్రామ్) ఒకసారి చూడాల్సిందే: మొత్తం ఎఫ్ఎఫ్‌లే కనిపిస్తే అసలేమీ చదవలేదు. 8 ఎంబీ చిప్ అయితే సైజు కచ్చితంగా 83,88,608 బైట్లు ఉండాలి.

క్లిప్పును కంప్యూటర్‌కి కలిపే చిన్న బోర్డును ప్రోగ్రామర్ అంటారు. నల్ల సీహెచ్341ఏ ప్రోగ్రామర్లలో చాలావాటికి డేటా తీగల మీద 5 వోల్టులు వస్తాయి. 3.3 వోల్టుల చిప్‌కి అది ప్రమాదం, మల్టీమీటర్‌తో కొలిచాకే తగిలించండి. 1.8 వోల్టుల చిప్ అయితే అడాప్టర్ తప్పనిసరి.

చిప్ నుంచి మొదట చదివిన ఆ కాపీని ఇంకో డిస్కులోనూ దాచండి. సీరియల్ నంబరు, మ్యాక్ అడ్రసు సాధారణంగా అందులోనే ఉంటాయి, వేరే ల్యాప్‌టాప్ ఫైల్‌తో అవి తిరిగి రావు.