తిరుమల కొండలో 80 కోట్ల ఏళ్ళ ఖాళీని గుర్తుపట్టడం ఎలా

తిరుమల వెళ్ళినవాళ్ళు శిలాతోరణం దగ్గర ఆగి ఫోటో దిగుతారు. అంతకన్నా పెద్ద వింత ఘాట్ రోడ్డు పక్కనే ఉంది. దాన్ని మాత్రం బస్సులో కునుకు తీస్తూ దాటేస్తారు. కొండ అడుగున ఉన్నది ఒక జాతి రాయి, నెత్తిన ఉన్నది పూర్తిగా వేరే జాతి రాయి. కిందిది 250 కోట్ల ఏళ్ళు పైబడిన గ్రానైటు. పైది స్థూలంగా 160 కోట్ల ఏళ్ళ నాటిదని చెప్పుకునే క్వార్ట్‌జైటు, అంటే ఇసుక పొరలు గట్టిపడి ఏర్పడిన రాయి. నడుమ 80 కోట్ల ఏళ్ళకు పైగా సాగిన కాలానికి ఇక్కడ ఒక్క పొర కూడా మిగల్లేదు. ఆ రెండూ ఆనుకున్న గీతనే ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దీన్ని జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించింది. బోర్డు కోసం వెతక్కుండా, రాయిని చూసి ఆ గీతను పట్టుకునే పద్ధతి ఇది.

ముందు ఊళ్ళో నుంచే చూడండి

మొదటి పని తిరుపతిలోనే, మేడ మీద నుంచి. ఊరికి ఉత్తరాన కొండ గోడలా నిలబడి ఉంటుంది. 8x బైనాక్యులర్ ఉంటే చాలు, లేకపోతే ఫోన్ జూమ్‌తో సరిపెట్టుకోవచ్చు. ఉదయం ఏడు నుంచి తొమ్మిది లోపు, లేదా సాయంత్రం నాలుగు తర్వాత చూడాలి. ఎండ పక్క నుంచి పడితేనే పొరల అంచుల కింద నీడ గీతలు తేలతాయి. మిట్టమధ్యాహ్నం కొండంతా ఒకే రంగులో చదునుగా కనిపిస్తుంది, ఏమీ తెలియదు.

పైభాగంలో నిలువుగా తెగిన కొండచరియ, దాని మీద అడ్డంగా బారులు తీరిన పొరలు కనిపిస్తాయి. వాటి కింద వాలు ఒక్కసారిగా మెత్తబడి, చెట్లూ చేమలతో జారుగా దిగుతుంది. గీత ఉండేది వాలు మారే ఆ ప్రాంతంలోనే. కాగితం మీద కొండ ఆకారం గీసి, మార్పు ఎక్కడుందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. తర్వాత దగ్గరికి వెళ్ళినప్పుడు ఈ బొమ్మే దారి చూపిస్తుంది.

ఇక్కడే తరచూ ఒక పొరపాటు జరుగుతుంది. పైనుంచి రాలిన క్వార్ట్‌జైటు ముక్కలు గ్రానైటు వాలు మీద కుప్పలుగా పడి, గీతను కప్పేస్తాయి. ఆ ముక్కల్ని చూసి క్వార్ట్‌జైటు కింది దాకా ఉందనుకుంటే గీత అసలు చోటు కంటే చాలా కిందికి దిగిపోతుంది. విడిగా పడున్న రాయి ఎంత పెద్దదైనా లెక్కలోకి తీసుకోకూడదు. కొండలో అంటుకుని ఉన్న రాయే సాక్ష్యం.

రెండు రాళ్ళనూ చేత్తో పట్టి తెలుసుకోవడం

గీతను వెతికే ముందు రెండు రాళ్ళూ వేర్వేరుగా అలవాటు కావాలి. గ్రానైటుకు చంద్రగిరి వైపు పోతే చాలు, దారి పొడవునా గుండ్లే. కోట ఉన్న కొండ కూడా గ్రానైటే. అది రక్షిత కట్టడం కాబట్టి అక్కడ కళ్ళతో చూడటం వరకే.

10x లెన్సు ఒకటి దగ్గర పెట్టుకోండి. రాయిని తడిపి, ఎండలో అటూ ఇటూ తిప్పుతూ చూడాలి. గ్రానైటులో మూడు రకాల గింజలు కనిపిస్తాయి. గాజులా బూడిద రంగులో ఉన్నది పలుగురాయి, అంటే క్వార్ట్‌జ్. గులాబీ రంగులోనో పాల తెలుపులోనో ఉండి, ఒక కోణంలో చిన్న అద్దంలా తళుక్కుమనేది ఫెల్డ్‌స్పార్. నల్లగా రేకులు రేకులుగా ఉన్నది కాకిబంగారం. ఇక క్వార్ట్‌జైటులో దాదాపు అంతా పలుగురాయే. తాజాగా విరిగిన ముఖం కలకండ ముక్కలా మెరుస్తుంది. చదునైన అద్దపు తళుకు మాత్రం ఉండదు. ఇనుము పట్టడం వల్ల బయట ఎర్రగానో పసుపుగానో ఉంటుంది కాబట్టి రంగు చూసి తీర్పు చెప్పకండి.

గీకి చూసే పరీక్ష చాలామంది చెబుతారు. ఇక్కడ అది పనికిరాదు. పలుగురాయి కాఠిన్యం 7, ఫెల్డ్‌స్పార్‌ది 6. స్టీలు రూపాయి బిళ్ళ రెండింటికన్నా మెత్తన. ఏ రాయి మీద గీకినా రాయి మీద బిళ్ళ రంగే మిగులుతుంది. యాసిడ్ పరీక్షా అంతే, అది సున్నపురాయికి. తేడా చెప్పేది ఫెల్డ్‌స్పార్ ఒక్కటే. పాతబడిన గ్రానైటులో అది తెల్లటి బంకమట్టిగా మారిపోతుంది, గోటితో గీస్తే పొడి రాలుతుంది. గ్రానైటు గరుసుగా రాలిపోవడానికీ, క్వార్ట్‌జైటు నిలువు గోడలా నిలబడటానికీ కారణం ఇదే.

కొండెక్కేటప్పుడు

ఘాట్ రోడ్డులో బండి ఆపి రాళ్ళు చూడటం కుదరదు, ప్రయత్నించకండి. బస్సులో అయితే ముందు కిటికీ సీటు చూసుకోండి. మలుపు మలుపుకీ కొండ పక్క మారుతుంది కాబట్టి ఏ వైపు కూర్చున్నా సగం దక్కుతుంది. సుత్తి, చాకు వెంట తేవద్దు. అలిపిరి తనిఖీలో ఆపేస్తారు, పైగా ఇది రక్షిత అడవి, రాయి కొట్టడం తప్పు. నింపాదిగా చూడాలంటే నడక దారే మేలు. అలిపిరి నుంచి 3,550 మెట్లు. అయితే మెట్ల రాయినీ పక్క గోడల రాయినీ చూసి ఏదీ తేల్చుకోకండి. అవి చెక్కి తెచ్చి పరిచినవి. మెట్ల పక్కన నేలలోంచి పొడుచుకొచ్చిన బండను చూడండి. దారి విడిచి పొదల్లోకి దిగొద్దు. ఈ దారిలో చిరుతల భయం ఉత్త మాట కాదు.

గీత దగ్గరపడినట్టు తెలిపే గుర్తులు నాలుగు ఉన్నాయి, అన్నింటి బలం ఒకటి కాదు. పైన పొరలుండి కింద లేకపోవడం తేలిగ్గా దొరికే గుర్తు, అదే బలహీనమైనదీను. గీతకు కాస్త కింద గ్రానైటు మెత్తబడి పొడిపొడిగా ఉంటే అది రెండో గుర్తు. పై పొరలు పరుచుకోక ముందే ఆ గ్రానైటు ఎండకూ వానకూ నానిన నేల అని దానర్థం. క్వార్ట్‌జైటు అట్టడుగు పొరలో నున్నగా అరిగిన పలుగురాళ్ళు ఇరుక్కుని కనిపిస్తే మూడోది. నీళ్ళు దొర్లించనిదే రాయి అలా అరగదు.

నాలుగోది గట్టి సాక్ష్యం: నల్లరాతి కట్టలు. గ్రానైటు పగుళ్ళలోకి కిందనుంచి కరిగిన రాయి ఎక్కి గడ్డకట్టిన డోలరైటు డైకులు ఇవి. బరువైన నల్లరాయి, గింజ కంటికి ఆనదు. గ్రానైటును నిలువుగా కోసుకుంటూ పైకి వచ్చిన డైకు క్వార్ట్‌జైటు దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతే, వరస ఇలా చదవాలి: గ్రానైటు పుట్టింది, పగిలింది, డైకు ఎక్కింది, ఆ మొత్తం అరిగి నేలమట్టమైంది, ఆ తర్వాతే దాని మీద ఇసుక పరుచుకుంది. డైకు క్వార్ట్‌జైటు కన్నా వయసులో చిన్నదైతే దాన్ని కూడా కోసుకుని పైకి పోయి ఉండేది.

దొంగ గీతలకు కొదవ లేదు. గ్రానైటు తన పైబరువు తగ్గేకొద్దీ పెచ్చులుగా విడుతుంది. ఆ పగుళ్ళు నేలకు సమాంతరంగా ఉండి అచ్చం పొరల్లా భ్రమ పెడతాయి. గీతకు పైనా కిందా లెన్సుతో చూడండి. రెండు వైపులా ఫెల్డ్‌స్పార్ తళుక్కుమంటే అది వట్టి పగులు. నీళ్ళు కారిన చోట నాచు పట్టి ఏర్పడే నల్ల చారలూ ఇలాగే మోసం చేస్తాయి. అవి పొరల్ని పట్టించుకోకుండా పైనుంచి కిందికి దిగుతాయి.

పొరల వాలు కొలవాలంటే ఫోన్లో క్లినోమీటర్ యాప్ చాలు. ఫోన్ అంచును దూరాన ఉన్న పొర గీతకు సమంగా పట్టి కోణం చదవండి. రాతి గోడకు ఎదురుగా నిలబడి కొలవాలి, పొరలు వాలిన దిక్కుకు గోడ అడ్డంగా ఉంటే అసలు వాలు కంటే తక్కువే వస్తుంది. అందుకే రెండు మూడు చోట్ల నుంచి కొలిచి, వచ్చిన వాటిలో పెద్ద అంకె తీసుకోండి. దిక్సూచి చూసేటప్పుడు ఇనుప రెయిలింగు నుంచి నాలుగడుగులు జరగాలి, లేదంటే ముల్లు తప్పు చూపిస్తుంది.

శిలాతోరణం దగ్గర

గుడికి సుమారు కిలోమీటరు దూరంలో, చక్రతీర్థం దారిలో ఉంది. వెడల్పు 8 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు. ఇదీ క్వార్ట్‌జైటే. ఎవరూ కట్టలేదు, నెర్రెల్లోకి దిగిన నీళ్ళూ గాలీ బలహీనమైన పొరల్ని తినేస్తే మిగిలిన భాగమిది. కంచె అవతలి నుంచే రుజువు చూడొచ్చు. తోరణం కాళ్ళలోని పొరల్ని కింది నుంచి లెక్కపెట్టండి, మందం మారే చోట గుర్తు పెట్టుకోండి. అదే వరస పక్క బండలో అదే ఎత్తున సాగుతుంటే, ఇదంతా ఒకప్పుడు ఏకబండ అని తేలిపోయినట్టే.

వానాకాలంలో

క్వార్ట్‌జైటు గింజల మధ్య నీటికి చోటు లేదు, నీళ్ళు పట్టేది పగుళ్ళలోనే. నవంబరు, డిసెంబరు తుపాను వానలకు ఆ పగుళ్ళు నిండుతాయి. లోపలి నీటి ఒత్తిడి బండను బయటికి నెడుతుంది, పగులులోని మట్టి జారుడుగా మారుతుంది. కింద మెత్తబడిన గ్రానైటు కోసుకుపోతే పై బండకు ఆధారం పోతుంది. 2021 డిసెంబరు 1న రెండో ఘాట్ రోడ్డు మీద పెద్ద బండలు పడి రోడ్డు దెబ్బతిన్నది ఇలాంటి వానల తర్వాతే.

కాబట్టి పొరలు తడిసి స్పష్టంగా కనిపిస్తున్నాయని జోరువాన మర్నాడే పరుగెత్తకండి. వాన ఆగాక కూడా రెండు మూడు రోజులు పగుళ్ళలో నీళ్ళు ఉంటాయి. మాసిన రాతి గోడలో తెల్లగా కొత్త గాయం, పగులు నుంచి బురద రంగు నీళ్ళు, రోడ్డంచున అప్పుడే రాలిన గులకరాళ్ళు, ఈ మూడింటిలో ఏది కనిపించినా ఫోటో కోసం అక్కడ నిలబడొద్దు. పరిశీలనకు జనవరి, ఫిబ్రవరి అనుకూలం. గాలి తేటగా ఉంటుంది, పొదలు పలచబడతాయి, ఎండ ఏటవాలుగా పడుతుంది. ఫోటోలో రాతి పక్కన రూపాయి బిళ్ళో పెన్నో పెట్టి తీయండి, కొలతకు ఆధారం లేని రాతి ఫోటోలో గులకరాయీ గుండూ ఒకటే.