డిసెంబరు రాత్రుల టీవీ ప్రేమకథలు: ఎంచుకోవడం, చూడడం, మధ్యలో ఆపేయడం

నవంబరు సగం దాటగానే ఓటీటీ తెర మీద ఒకే రకం బొమ్మలు వరస కడతాయి. ఎర్ర కోటు తొడుక్కున్న అమ్మాయి, గళ్ళ చొక్కా అబ్బాయి, ఇద్దరి వెనకా దీపాలు చుట్టిన క్రిస్మస్ చెట్టు, పైనుంచి రాలుతున్న మంచు. థియేటర్ల కోసం కాక టీవీ కోసమే తీసే ఈ అమెరికన్ పండగ ప్రేమకథలను హైదరాబాదులో చూసేవారు తక్కువేమీ కాదు గాని, చూశామని ఒప్పుకునేవారు మాత్రం తక్కువే. ఒప్పుకోవడానికి సిగ్గుపడేవారి కోసమూ, ఒకటి రెండు చూసి అన్నీ ఒకటేనని విసిగి వదిలేసినవారి కోసమూ ఈ పద్ధతి రాస్తున్నాను. సీతాఫల్‌మండిలోని మా ఇంట్లో ప్రతి డిసెంబరులోనూ ఆదివారం రాత్రుళ్ళు అమ్మతో కలిసి వీటిని చూడడం కొన్నేళ్ళుగా మాకు అలవాటు.

ముందుగా ఈ సరకు ఎక్కడిదో తెలుసుకుంటే మంచిది. ఈ రకం సినిమాకు మారుపేరైపోయిన హాల్‌మార్క్ అసలు గ్రీటింగ్ కార్డుల కంపెనీ; 1910లో కాన్సాస్ సిటీలో మొదలైంది. 1951 డిసెంబరు 24 రాత్రి ఎన్‌బీసీలో ప్రసారమైన, టీవీ కోసమే ప్రత్యేకంగా రాసిన ఒక ఒపేరాకు ఖర్చు పెట్టింది ఈ కంపెనీయే. ఆ పేరుతో ఛానల్ 2001లో వచ్చింది. పండగ ముందు వారాలన్నీ ఈ సినిమాలతోనే నింపే పద్ధతి 2009 నుంచి స్థిరపడింది. ఇప్పుడు అక్కడ అక్టోబరులోనే మొదలవుతున్నాయి. కొన్ని సంవత్సరాలలో ఒక్క హాల్‌మార్కే కొత్తవి నలభై దాకా తీసింది. లైఫ్‌టైమ్ అనే టీవీ ఛానల్, నెట్‌ఫ్లిక్స్ వంటివి కూడా అదే దారి పట్టాయి. కార్డులు అమ్మేవారి చేతిలో పెరిగిన కథలు కాబట్టి వీటిలో కార్డుకు ఉండే గుణాలన్నీ ఉంటాయి: ముచ్చటైన బొమ్మ, లోపల రెండు వాక్యాలు, పంపినవారి మీద ప్రేమ.

కథ ముందే తెలిసిపోతోందన్న ఫిర్యాదును మొట్టమొదట పక్కన పెట్టండి. సత్యనారాయణ వ్రతకథలో వర్తకుడు మొక్కు మరిచిపోతాడనీ, అడిగితే అబద్ధమాడతాడనీ, పడవలోని సరకంతా ఆకులూ తీగలూ అయిపోతుందనీ పీటల మీద కూర్చున్నవారికి తెలియనిదేమీ కాదు. తెలిసిన కథేనని ఎవరూ ప్రసాదానికి ముందు లేచి వెళ్ళిపోరు. ఈ సినిమాలనూ అలాగే చూడాలి. మా అమ్మకు ఇంగ్లిషు అంతంతమాత్రమే. కిందటేడు ఒక సినిమాలో కట్టెలు కొడుతున్న గళ్ళ చొక్కా మనిషి కనబడి అరనిమిషం కాకముందే, "ఇతనే అల్లుడు. ఆ కోటువాణ్ణి ఎలాగూ పంపించేస్తారు, చూస్తుండు" అని తేల్చేసింది. ఆ తేల్చడంలో ఆమెకు కలిగిన సంతోషమే ఈ సినిమాలు అమ్మే సరకులో సగం. 2017 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ తన క్రిస్మస్ రాకుమారుడి సినిమాను 18 రోజుల పాటు రోజూ చూసినవారు 53 మంది ఉన్నారని ట్విటర్‌లో వెటకారంగా ప్రకటించి, ప్రేక్షకుల ఇళ్ళలోకి తొంగిచూసినందుకు చీవాట్లు తిన్నది. ఆ 53 మందిలో తప్పేమీ నాకు కనబడదు. ఒకే కీర్తన రోజూ పాడుకునేవారు మన ఇళ్ళలో లేరా?

వీటి ఆకర్షణకు అసలు కారణం హైదరాబాదువారికి ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. పెద్ద నగరంలో ఉద్యోగం చేసే మనిషి పండగకు సొంత ఊరు వెళ్ళడం, వెళ్ళాక అక్కడ తన పేరు తెలిసిన మనుషులు ఎదురవడం, తిరిగి రాబుద్ధి కాకపోవడం: ఇదే కదా ఆ కథంతా. సంక్రాంతి ముందు రోజుల్లో విజయవాడ దారిలో పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరే కార్లలో ఉన్నవారందరూ ఆ కథలోకే ప్రయాణం చేస్తుంటారు. తేడా ఏమిటంటే, టీవీ సినిమాలో టోల్‌గేటు ఉండదు. కారు అలా మలుపు తిరిగిందంటే చాలు, ఊరు వచ్చేస్తుంది. పొలం వాటాల గొడవ ఉండదు, పెళ్ళెప్పుడని నిలదీసే పెదనాన్న ఉండడు, ఉన్నా ముద్దుగా ఒక్కసారి అడిగి ఊరుకుంటాడు. మనకు దొరకని సొంత ఊరిని గంటన్నరసేపు అద్దెకిస్తారు. ఇందులో మోసం లేదు, అద్దె అని గుర్తుంటే.

ఇక కూర్చునే పద్ధతి. చేతిలో పని పెట్టుకోకుండా వీటిని చూడకండి. రెండు గంటల ప్రసారంలో ప్రకటనలు పోను సినిమా ఎనభై అయిదు నిమిషాల లోపో కొంచెం అటూ ఇటూగానో ఉంటుంది. ప్రకటనలు పడే చోట్లు లెక్క వేసుకుని స్క్రిప్టును సాధారణంగా తొమ్మిది అంకాలుగా కోస్తారు. విరామం తరవాత తిరిగి వచ్చినవారికి, చెట్టు అలంకరించుకుంటూ ఓరకంట చూసేవారికి అర్థం కావాలని, జరిగినదాన్ని పాత్రలు ఇంకోసారి చెప్పుకుంటాయి. ఓటీటీలో ప్రకటనలు లేనప్పుడు ఆ కుట్లు బయటపడతాయి: తెర ఒక్క క్షణం నల్లబడుతుంది, వెలుగు రాగానే కథానాయిక తన స్నేహితురాలికి ఇంతకుముందు మనం చూసిందే అప్పజెబుతుంది. కళ్ళప్పగించి చూసేవారికి ఇది విసుగు పుట్టిస్తుంది. పచ్చి బఠాణీలో, డిసెంబరులో మార్కెట్‌కు వచ్చే అనపకాయలో ఒలుచుకునేవారికి ఇది సౌకర్యం. మేము అనపకాయలు ఒలుస్తాం. టీ పెట్టడానికి లేవవలసి వస్తే కుకీలు చేసే సన్నివేశంలో లేవండి. ముద్దు పెట్టుకోబోయి ఎవరో పిలవడంతో ఆగిపోయే సన్నివేశంలో లేవకండి, ఎందుకంటే దాని తరవాత పావుగంటలో అపార్థం వస్తుంది. సాధారణంగా ఒకరు ఫోనులో మాట్లాడుతుండగా ఇంకొకరు సగం విని వెళ్ళిపోవడమే ఆ అపార్థం.

కొన్నిటిని మనసు విప్పి క్షమించాలి. వీటిలో చాలా సినిమాలను కెనడాలో, బ్రిటిష్ కొలంబియాలోనో ఒంటారియోలోనో తీస్తారు, అక్కడి ప్రభుత్వాలు ఇచ్చే పన్ను రాయితీలు దానికి ముఖ్య కారణం. షూటింగ్ పదిహేను రోజులు, మహా అయితే మూడు వారాలు. అది తరచు ఎండాకాలంలో పడుతుంది. అందుకే కప్పుల మీద మంచు నిజానికి దూదిపరుపులాంటి తెల్లటి గుడ్డ, రాలే మంచు నురగ. గమనించి చూస్తే మాటాడేటప్పుడు నోటి వెంట ఆవిరి రాదు, వీధి చివర చెట్లు పచ్చగా కళకళలాడుతుంటాయి. కోట్లు, మఫ్లర్లు చుట్టుకుని ఎండలో చలి నటిస్తున్న ఆ మనుషుల కష్టాన్ని చూసి నవ్వడం నాకు చేతకాదు. కాఫీ కప్పు సంగతి మాత్రం వేరు. మూత పెట్టిన కాగితపు కప్పును కథానాయిక చేయి తిప్పుతూ, పక్కకు వంచుతూ, భుజం దాకా ఎత్తుతూ మాట్లాడుతుంది. అందులో చుక్క కూడా లేదని ఇరానీ చాయ్ నిండు కప్పు సాసర్‌తో సహా టేబుల్ దాకా మోసిన ఎవరైనా ఇట్టే చెప్పగలరు. ఇది చిన్న విషయమే గాని సూచన చిన్నది కాదు. కప్పులో నీళ్ళయినా పోయాలని తోచనివారు మిగతా వాటిలో ఎంత శ్రద్ధ పెట్టారో చూద్దామన్న అనుమానంతో అక్కడి నుంచి చూడడం మొదలుపెట్టండి.

ఎంచుకోవడంలో నేను పాటించే పరీక్ష ఒక్కటే. మొదటి ఇరవై నిమిషాల్లో కథానాయిక తన వృత్తిని నిజంగా చేస్తూ కనబడాలి. ఈ సినిమాల్లో సగం మంది బేకరీ నడుపుతారు. తెర మీది బేకరీలో ముక్కు చివర కాస్త పిండి అంటుకుంటే పని అయిపోయినట్టే; గిరాకీ ఒక్కరు, ఆ ఒక్కరూ ప్రేమించవలసిన మనిషే. డిసెంబరు మూడో వారంలో సికింద్రాబాదులో ఏ బేకరీకైనా వెళ్ళి ఒక పది నిమిషాలు నిలబడండి. మా వీధి చివరి బేకరీలో ప్లమ్ కేకు ట్రేలు నేల మీద కూడా పేర్చి ఉంటాయి. ఇంట్లోనే పిండి కలిపి తెచ్చి బేకరీ బట్టీలో కాల్పించుకునే కుటుంబాలవారు తమ ట్రేలకు పేర్లు రాసిన కాగితం ముక్కలు అంటించి, అవి మారిపోతాయేమోనని బట్టీ గదివైపే చూస్తుంటారు. కౌంటరులో అమ్మాయి ఒక చేత్తో డబ్బాకు దారం చుడుతూ, భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని, "గుడ్డు లేనివి సాయంత్రానికే" అని చెబుతూ ఉంటుంది. ఆమె వేళ్ళకు దారం కోసిన చోట ప్లాస్టర్లు. ఈ తొందరలో ఆ అమ్మాయికి ఎవరైనా నచ్చితే అది కథ అవుతుంది. కథ తెలిసిపోవడం లోపం కాదు, పని తెలియకపోవడం లోపం. పని తెలిసినవారు రాసిన సినిమాలో అదే పాత కథ కూడా కొత్తగా నడుస్తుంది, ఎందుకంటే ఆ అమ్మాయికి పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది.

అక్కడి నుంచే క్షమించకూడనివి మొదలవుతాయి. నగరంలో పదేళ్ళు కష్టపడి సంపాదించుకున్న ఉద్యోగాన్ని చివరి పది నిమిషాల్లో ఆ అమ్మాయి వదులుకుంటుంది. అబ్బాయి తన క్రిస్మస్ చెట్ల తోటను వదులుకోవడం చాలా అరుదు. ఊరిని కొనేయడానికి వచ్చిన పెద్ద కంపెనీ నుంచి పాత సత్రాన్ని కాపాడడానికి ఒక్క సాయంత్రపు కేకుల అమ్మకం సరిపోతుంది. బ్యాంకు అప్పు ఎంతో ఎవరూ చెప్పరు, వడ్డీ మాట ఎవరి నోటా రాదు. హైదరాబాదులో దుకాణం అద్దె కట్టేవారెవరైనా పక్కన కూర్చుంటే ఈ సన్నివేశంలో వారి ముఖం చూడండి, సినిమా కన్నా బాగుంటుంది. మా అమ్మ అయితే ఉద్యోగం వదిలేసే చోట ఒక్క క్షణం ఒలవడం ఆపుతుంది. నలభై ఏళ్ళు టీచరుగా పనిచేసిన మనిషి ఆమె.

ఆ ఊళ్ళో ఎవరుంటారన్నది కూడా చూడవలసిన విషయమే. చాలా ఏళ్ళ పాటు ఆ ఊరు మొత్తం తెల్లవారిదే. నల్లజాతి స్నేహితురాలో, ఆసియా సహోద్యోగో ఉంటే, కథానాయిక కష్టం విని సలహా ఇవ్వడానికే ఉండేవారు, వారికంటూ పండగ ఉన్నట్టు కనబడదు. 2019 డిసెంబరులో, ఇద్దరు వధువులు ముద్దు పెట్టుకునే ఒక పెళ్ళి వెబ్‌సైటు ప్రకటనను హాల్‌మార్క్ ఒక సంఘం ఒత్తిడికి లొంగి తీసేసింది. ఎదురు నిరసన రాగానే కొద్ది రోజుల్లోనే క్షమాపణ చెప్పి వెనక్కి తగ్గింది. మరుసటి ఏడాది నుంచి ఆ ఛానల్ కథల్లో స్వలింగ జంటలు ముఖ్యపాత్రలుగా రావడం మొదలైంది. రంగు, వంశం విషయంలోనూ ఇప్పుడు కొంత మార్పు కనబడుతుంది. అయితే మనుషులు మారినా ఊరు మారలేదు; కొత్తగా వచ్చినవారికి కూడా అవే కుకీలు, అదే దీపాల పోటీ ఇచ్చారు. వంటింటి నుంచి తమదంటూ ఒక వంటకమైనా తెచ్చుకోనిచ్చిన సినిమా కనబడితే దాన్ని వదలకండి.

ఇక్కడివారికి వెంటనే తట్టే లోటు ఇంకొకటి ఉంది: ఈ క్రిస్మస్‌లో చర్చి ఉండదు. మా పక్కింటి వారు క్రైస్తవులు. డిసెంబరు మొదలవగానే వారి గుమ్మం పైన కాగితపు నక్షత్రం వెలుగుతుంది, ఏదో ఒక రాత్రి పదకొండు దాటాక కేరల్స్ పాడుతూ యువకుల గుంపు గిటారుతో మెట్లెక్కుతుంది, పండగ నాడు తెల్లబట్టలు కట్టుకుని ఆరాధనకు వెళ్ళి వచ్చాకే బిర్యానీ. ఒకసారి ఆ ఇంటి ఆంటీ మాతో కూర్చుని ఒక సినిమా మొత్తం చూసి, "అంతా బాగుంది గాని, వీళ్ళు ఎవరి పుట్టినరోజు చేసుకుంటున్నారమ్మా?" అని అడిగారు. ఎవరినీ నొప్పించకుండా అందరికీ అమ్మాలన్న జాగ్రత్తతో ఆ ఛానళ్ళు పండగలోని భక్తిని పక్కన పెట్టి దీపాలను ఉంచుకున్నాయి. ఆ జాగ్రత్త వల్లనే మాలాంటి ఇళ్ళలో కూడా ఇవి సులువుగా చొరబడ్డాయి, కాబట్టి దీన్ని పూర్తిగా లోపమని అనలేను.

వారానికి ఒకటి మించి చూడకండి. ఒకే రాత్రి రెండోది పెడితే అది మొదటిదాన్ని కూడా పాడుచేస్తుంది, సత్రం ఎవరిదో, చచ్చిపోయిన భార్య ఎవరి భార్యో కలిసిపోతుంది. మా ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక తొమ్మిదికి మొదలుపెడతాం. ఆ సమయానికి చలి దిగి, రగ్గు కప్పుకోవడానికి ఒక కారణం దొరుకుతుంది. ఇరవై నిమిషాల పరీక్షలో తప్పిన సినిమాను మొహమాటం లేకుండా ఆపేయండి. చివర ఏమవుతుందో మీకు ఎలాగూ తెలుసు. నెగ్గినదాన్ని ఆఖరి ముద్దు, ఊరివారి చప్పట్లు, సరిగ్గా అప్పుడే మొదలయ్యే మంచు దాకా చూసి, తరవాత వచ్చే పేర్లు కూడా ఆగి చదవండి. షూటింగ్‌కు చోటిచ్చిన ఊరికి కృతజ్ఞతలు చెప్పడం అక్కడే ఉంటుంది. ఒంటారియోలోని ఆల్మాంట్ వంటి చిన్న ఊళ్ళు ఇలాంటి ఎన్నో కథలకు అమెరికా ఊరుగా వేషం కట్టాయి.

పేర్లు అయిపోయాక గిన్నెలోకి చూడండి. సుమారు గంటన్నరలో అమ్మా నేనూ కలిసి ఒలిచిన అనపగింజలు ఇద్దరి కూరకు సరిపోతే సినిమా బాగున్నట్టు లెక్క. పొద్దున టిఫిన్‌లోకి కూడా మిగిలాయంటే మేమిద్దరం తెరవైపు చూడనేలేదన్నమాట; వచ్చే ఆదివారం ఎంపిక అమ్మది.