ఫోటో మసకగా వస్తోందా? లెన్స్‌ని తిట్టే ముందు ఫిల్టర్ విప్పండి

సమస్య ఇది. తెల్లారకముందే సీతానగరం వైపు ఒడ్డున ట్రైపాడ్ వేసి ప్రకాశం బ్యారేజీని, వెనకాల ఇంద్రకీలాద్రిని తీశారు. కెమెరా తెర మీద బ్రహ్మాండంగా కనిపించింది. ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే పాలు కలిపినట్టుంది. వీధిదీపాల చుట్టూ వెలుగు ముద్దలు, నలుపు బూడిదరంగులో ఉంది, కొండ అంచు మెత్తబడిపోయింది.

ఇక్కడ చాలామంది ఎడిటింగ్ యాప్‌లో మసక తగ్గించే డీహేజ్ స్లైడర్‌ని చివరిదాకా లాగుతారు, లేదంటే లెన్స్ పోయిందని సర్వీసుకి పంపుతారు. రెండూ ఆపండి. ఫోటోని నూరు శాతానికి పెంచి, మసక ఏ రకమో ముందు చూడండి.

గీతలు జంటగా, ఒకే వైపుకి సాగినట్టు ఉంటే కదలిక. ముందున్న రాయి పదునుగా ఉండి కొండ మసకైతే, లేదా కొండ బాగుండి రాయి మసకైతే ఫోకస్ తప్పింది. దూరం పోయేకొద్దీ పాలిపోతూ, కాళ్ల దగ్గరి గడ్డి మాత్రం శుభ్రంగా ఉంటే అది నదిమీది పొగమంచు, కెమెరా తప్పేం లేదు. కాళ్ల దగ్గరి గడ్డి కూడా దూరపు కొండంతే పాలిపోయి ఉంటే తేడా మీ లెన్స్ గాజులో ఉంది. హిస్టోగ్రామ్ (ఫోటోలో నలుపు ఎడమన, తెలుపు కుడిన ఎంతుందో చూపే గ్రాఫ్) కూడా అదే చెబుతుంది: ఎడమ చివర ఖాళీగా ఉండి, గ్రాఫ్‌లోని గుట్ట మొత్తం మధ్యలోకి నెట్టుకుపోయి ఉంటుంది.

గాజు అనగానే ముందు చూడాల్సింది వేలిముద్ర. దీన్ని దాటేసి మిగతావన్నీ వెతికేవాళ్లే ఎక్కువ. ఫోన్ టార్చి వెలిగించి లెన్స్ మీదకి పక్కనుంచి పడేలా పట్టుకుంటే జిడ్డు మరక ఇట్టే దొరుకుతుంది. సూర్యలంక బీచ్‌లో తీస్తుంటే ఉప్పుతుంపర పొర కూడా ఇలాగే కనిపిస్తుంది. దాన్ని పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. బ్లోయర్‌తో (గాలి ఊదే రబ్బరు బుడ్డి) ఊది, గుడ్డ మీద లెన్స్ క్లీనర్ చుక్క వేసి తుడవండి.

తుడిచినా పోలేదా? అయితే అసలు దొంగ లోపలున్నాడు: లెన్స్ ముందు బిగించే గాజుబిళ్ల, అంటే ఫిల్టర్‌కీ, లెన్స్‌కీ మధ్య పట్టిన ఆవిరి.

రాత్రంతా కెమెరా బ్యాగు ఏసీ గదిలో ఉంటుంది, గాజు 22 డిగ్రీలకి చల్లబడుతుంది. వానాకాలపు తెల్లవారుజామున కృష్ణ ఒడ్డున 29 డిగ్రీలు, గాలిలో తేమ 80 శాతం ఉందనుకోండి. ఆ గాలి 25 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ వస్తువుకి తగిలినా నీరు కక్కుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన కూల్‌డ్రింక్ సీసా చెమర్చినట్టే. గుంటూరు నుంచి ఏసీ కార్లో సూర్యలంకకి వెళ్లి, దిగీదిగగానే సూర్యోదయం తీయబోయినా ఇదే జరుగుతుంది.

బయటి పొర అందరికీ కనిపిస్తుంది, చొక్కా కొసతో తుడిచేస్తారు, శుభ్రమైపోయిందనుకుంటారు. కానీ యూవీ ఫిల్టర్ లోపలి వైపు పట్టిన ఆవిరికి గుడ్డ అందదు. అది దట్టంగా ఉన్నంతసేపూ వ్యూఫైండర్లోనే తెలుస్తుంది కాబట్టి ప్రమాదం తక్కువ. పలచబడ్డాకే మోసం చేస్తుంది: చిన్న తెరమీద కనబడదు, ఫోటోలో మాత్రం దీపాలన్నిటికీ మసక వలయాలు చుడుతుంది.

ఖాయం చేసుకోవాలంటే ఆ రోజు ఫోటోలన్నీ టైమ్ ప్రకారం వరుసగా చూడండి. మొదటివి బాగా మసకగా, పోనుపోను తేటపడుతూ, చివరివి శుభ్రంగా ఉంటే ఇంక అనుమానం అక్కర్లేదు. పాడైన లెన్స్ అరగంటలో దానంతటదే బాగవదు కదా.

అక్కడికక్కడ చేయాల్సింది: ఫిల్టర్ విప్పి జేబులో పెట్టండి, ఒంటి వేడికి తొందరగా ఆరుతుంది. లెన్స్ ముందుభాగం తుడవకుండా గాలికి వదలండి. తుడిస్తే మళ్లీ పడుతుంది, గాజు చల్లగానే ఉంది కాబట్టి. గాజు చల్లగా ఉన్నంతసేపూ లెన్స్ మాత్రం మార్చొద్దు. మార్చారంటే తడిగాలి కెమెరా లోపల ఫోటోని పట్టే సెన్సార్ దాకా పోతుంది. హెయిర్ డ్రయ్యర్ ఆలోచన కూడా వద్దు.

ముందురోజు చేయగలిగింది ఇంకా తేలిక. కెమెరాని, లెన్స్‌ని ఏసీ గదిలోనే జిప్‌లాక్ కవర్లో పెట్టి, గాలి పిండేసి మూయండి. బయటికి తెచ్చాక 30 నుంచి 45 నిమిషాలు కవరు తెరవొద్దు. చెమ్మ కవరు మీద పడుతుంది, గాజు మీద పడదు. దూరాన్ని దగ్గరగా చూపే బరువైన టెలీ లెన్స్‌కి ఇంకాస్త టైమ్ ఇవ్వండి. ఇదీ కుదరకపోతే రాత్రి బ్యాగుని ఏసీ లేని వరండాలో పెట్టి పడుకోండి, ఖర్చు సున్నా. కార్లో అయితే చివరి అరగంట ఏసీ కట్టేసి అద్దాలు దించండి. ఫోన్ కెమెరాకీ ఇదే వర్తిస్తుంది, కాకపోతే అది తొందరగా వేడెక్కుతుంది.

ఇక మిగతావి. బ్యారేజీ పైనే ట్రైపాడ్ వేస్తే బండి వెళ్లిన ప్రతిసారీ ఫ్రేమ్ అదురుతుంది. ఒడ్డుకి దిగండి, లేదంటే బండ్ల మధ్య సందు చూసి 2 సెకన్ల టైమర్‌తో నొక్కండి. ట్రైపాడ్ మీద లెన్స్ స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సర్దే ఏర్పాటు) కట్టేయండి. చీకట్లో ఆటోఫోకస్‌ని నమ్మొద్దు, లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక తెరమీద, ఒక దీపాన్ని 10 రెట్లు పెంచి ఫోకస్ రింగుని చేత్తో తిప్పండి. లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రాన్ని (అపర్చర్) ఎఫ్22 దాకా మూస్తే ఫోటో అంతా మెత్తబడుతుంది, ఎఫ్8 నుంచి ఎఫ్11 చాలు. కొండపల్లి కోట మీంచి మధ్యాహ్నం 200 ఎంఎం టెలీ లెన్స్‌తో తీస్తే ఎండసెగకి అంచులు అలల్లా వణుకుతాయి. దానికి మందు పొద్దున్నే రావడమే.

లెన్స్ లోపలి గాజులు పక్కకి జరగడం అరుదు, కిందపడిన లెన్స్ అయితే తప్ప దాని జోలికి పోనక్కర్లేదు. టార్చి వెలుగులో లోపల సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే మాత్రం అది ఫంగస్. ఇంట్లో విప్పకుండా సర్వీసుకి ఇచ్చేయండి, అందాకా ఆ లెన్స్‌ని మిగతావాటితో ఒకే పెట్టెలో ఉంచొద్దు.